సార్, మీరు చెప్పిన సమానత్వం ఇదేనా?

ప్రశ్న: నేను రాజనీతి శాస్త్రం అధ్యాపకుణ్ణి. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ చెప్పిన ‘న్యాయమైన అవకాశాల సమానత్వం’ పాఠం పదేళ్ళుగా నాదే. ఈ ఏడాది నన్ను పీజీ ప్రవేశాల కమిటీలో వేశారు. జాబితా అంటించిన రోజు నా పాత విద్యార్థి ఒకడు వచ్చాడు. ఓపెన్ కేటగిరీలో రెండు మార్కుల తేడాతో అతనికి సీటు పోయింది. అతని కంటే పదకొండు మార్కులు తక్కువ వచ్చిన ఒకమ్మాయికి రిజర్వేషన్‌లో వచ్చింది. గొడవేమీ పెట్టలేదు. ‘సార్, మీరు క్లాసులో చెప్పిన సమానత్వం ఇదేనా?’ అన్నాడంతే. ‘రూల్స్ అలా ఉన్నాయి బాబూ’ అని పంపేశాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. నేను రిజర్వేషన్లకు వ్యతిరేకిని కాను. కానీ క్లాసులో ఒకటి చెప్పి, కమిటీలో ఇంకొకటి చేస్తున్నానా? ఆ రెండూ ఒకే నోటితో అనదగ్గవేనా?
— ఒక అధ్యాపకుడు

సమాధానం:

మాస్టారూ,

‘రూల్స్ అలా ఉన్నాయి’ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ కుర్రాడికి రూల్స్ తెలుసు. జాబితా పక్కనే అంటించి ఉంటాయి, చదివే మీ దగ్గరకు వచ్చి ఉంటాడు. మీరు చెప్పిన పాఠం నిజమా, ఉత్తుత్తిదా అన్నది అతని సందేహం. ఓ విద్యార్థి పాఠాన్ని ఇంతగా పట్టించుకుని, వెనక్కి వచ్చి నిలదీశాడంటే, నన్నడిగితే మీరు ముందు కాస్త సంతోషించాలి.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆ రెండూ ఒకే నోటితో అనొచ్చు. అయితే అందుకు షరతులున్నాయి. వాటిని మింగేసి మాట్లాడితే మీ విద్యార్థి ఇట్టే పట్టేస్తాడు.

ముందు మీ పాఠానికే వద్దాం. 1971లో వచ్చిన తన గ్రంథంలో రాల్స్ రెండు రకాల సమానత్వాన్ని వేరు చేశాడు. తలుపు అందరికీ తీసే ఉంది, ప్రతిభ ఉన్నవాళ్ళు రండి అనడం ఒకటి. అది చాలదన్నాడు. ఒకే స్థాయి ప్రతిభ, దాన్ని వాడుకోవాలన్న ఒకే స్థాయి పట్టుదల ఉన్న ఇద్దరికి, వాళ్ళు ఏ ఇంట్లో పుట్టినా, గెలుపు అవకాశాలు ఒకేలా ఉండాలన్నది రెండోది. ఈ రెండోదాన్నే ఆయన న్యాయమైన సమానత్వం అన్నాడు. ఆ నిర్వచనాన్ని ఇంకోసారి చదవండి. ప్రతిభ ఉంది, పట్టుదల ఉంది, పుట్టుక ఉంది. మార్కులన్న మాట ఎక్కడా లేదు.

మీ విద్యార్థి పొరపాటు పడింది ఇక్కడే. ప్రతిభ అన్నచోట మార్కులు పెట్టి చదువుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేం, మనందరం రోజూ చేసే పనే అది.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను సర్వీసులో ఉండగా స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళేదాన్ని. ఒకసారి చీఫ్ ఎగ్జామినర్ నా బండిల్లోంచి ఒక పేపరు తీసి తనే మళ్ళీ దిద్దారు. నేను వందకు 54 వేశాను, ఆయన 63 వేశారు. పక్కపక్కనే కూర్చుని మళ్ళీ చదివాం. విషయమంతా ఉంది. కానీ పేరాలు విడగొట్టలేదు, సైడ్ హెడ్డింగులు లేవు, ముఖ్యమైన మాటల కింద గీతలు లేవు. అసలు పాయింటు రెండో పేజీలో, ఒక పొడుగాటి వాక్యం మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంది. గబగబా దిద్దే చేతికి అది దొరకలేదు. ఆ పేపరు రాసిందెవరో నాకు తెలియదు, కోడింగు నంబరే కదా ఉండేది. నాకు అర్థమైంది మాత్రం ఒకటుంది. గీతలు కొట్టి, హెడ్డింగులు పెట్టి రాయడం తెలివితో వచ్చేది కాదు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పితే వచ్చేది. నేర్పించుకున్న పిల్లలకు ఆ తొమ్మిది మార్కులూ నేనే ఎన్నేళ్ళుగా వేస్తూ వచ్చానో లెక్క లేదు. నా కళ్ళకు అది ప్రతిభలాగే కనిపించేది.

అంటే మార్కులు అబద్ధమని కాదు. ఒక్కో మార్కులో మనిషి కొంత, మనిషి నడిచొచ్చిన దారి కొంత కలిసి ఉంటాయి. ఏది ఎంతో పేపరు చూసి చెప్పలేం. బెర్నార్డ్ విలియమ్స్ అనే తత్వవేత్త 1962లో దీనికి ఒక ఊహాకథ అల్లాడు. ఒక సమాజంలో యోధులకు మహా గౌరవం. తరతరాలుగా వాళ్ళను సంపన్నుల ఇళ్ళ నుంచే ఎంచుకునేవారు. ఇది అన్యాయమని సంస్కర్తలు పోరాడి, ఇకపై ఎవరైనా బలపరీక్షకు రావొచ్చని రూలు మార్చారు. పరీక్షలో మోసం లేదు, పక్షపాతం లేదు. అయినా నెగ్గేది సంపన్నుల పిల్లలే, ఎందుకంటే మిగతావాళ్ళకు కడుపు నిండా తిండి లేదు. పరీక్ష న్యాయంగానే జరిగింది, అవకాశం సమానంగా లేదు. మీ ప్రవేశ పరీక్షా అంతే. హాల్లో అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే గడియారం. పదకొండు మార్కుల తేడాలో కొంతయినా హాల్లోకి రాకముందే ఖాయమై ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది: ‘పోనీ, పట్టుదల సంగతేమిటి? మావాడు రాత్రింబవళ్ళు కష్టపడ్డాడు.’ నిజమే. కానీ కష్టపడే గుణం కూడా ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుందని రాల్స్ స్వయంగా ఒప్పుకున్నాడు. చదివితే ఫలితం ఉంటుందని చుట్టుపక్కల ఒక్కరినైనా చూసిన పిల్లకూ, ఎవరినీ చూడని పిల్లకూ పుస్తకం ముందు కూర్చోవడం ఒకే రకం పని కాదు. కుటుంబం అనేది ఉన్నంతకాలం ఈ సమానత్వం పూర్తిగా సాధ్యం కాదని కూడా ఆయన అన్నాడు. పాఠంలో మనం సాధారణంగా దాటేసే వాక్యం అది.

మన న్యాయస్థానాలు ఈ ప్రశ్నతోనే దాదాపు మూడు దశాబ్దాలు కుస్తీ పట్టాయి. మీ క్లాసుకు పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రాజ్యాంగం 16వ అధికరణంలో మొదటి క్లాజు ప్రభుత్వ ఉద్యోగాల్లో అవకాశాల సమానత్వం అంటుంది. నాలుగో క్లాజు, ‘ఈ అధికరణంలో ఏదీ’ వెనకబడిన తరగతులకు రిజర్వేషన్ కల్పించడానికి అడ్డు కాదంటుంది. మొదటిది నియమం, నాలుగోది దానికి మినహాయింపు అని చాలాకాలం చదువుకున్నారు. మినహాయింపు అంటే ఏమిటి? సమానత్వాన్ని కొంత వదులుకుని ఇంకేదో మంచి పని చేస్తున్నామని అర్థం. మీ విద్యార్థి చదివిందీ అలాగే.

1963లో సుప్రీంకోర్టులో దేవదాసన్ కేసు వచ్చింది. అందులో మెజారిటీ తీర్పుతో విభేదించినవారు మన తెలుగు న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ‘ఏదీ అడ్డు కాదు’ అన్న మాట మినహాయింపు కోసం రాసింది కాదు, ఆ అధికారాన్ని నొక్కి చెప్పడానికి వాడిన పద్ధతి అన్నారాయన. గుర్రప్పందెం ఉపమానం కూడా తెచ్చారు. మేలుజాతి పందెపు గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత దగ్గర నిలబెట్టి పరిగెత్తమంటే, పేరుకు సమానావకాశమే గానీ పోటీ బూటకం అవుతుందన్నారు. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఏళ్ళ తరబడి సంకెళ్ళలో ఉన్న మనిషిని విడిపించి తెచ్చి పందెపు గీత దగ్గర నిలబెట్టి ‘ఇక పోటీపడు’ అంటే న్యాయం చేసినట్టు కాదన్నది 1965లో. అంటే మనవాడు రెండేళ్ళు ముందే చెప్పాడు. అయినా ఎందుకో నాకు జాన్సన్ మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

సుబ్బారావు గారి నిర్ణయం నాకు నచ్చుతుంది గానీ, ఆ ఉపమానం నచ్చదు. గుర్రాన్ని ‘మామూలుది’ అనగానే, దాని పుట్టుకలోనే వేగం తక్కువని ఒప్పేసుకున్నట్టు అవుతుంది. రిజర్వేషన్లను ఎగతాళి చేసేవాళ్ళు సరిగ్గా ఆ మాటే అంటారు. రాల్స్ పోల్చమన్నది సమాన ప్రతిభ ఉన్న ఇద్దరిని. రెండూ మేలు గుర్రాలే, ఒకదానికి మేత లేదు, నాడాలు లేవు. అలా చెబితేనే ఉపమానం నిలుస్తుంది. ఈ విషయంలో జాన్సన్ సంకెళ్ళే నయం.

చివరికి 1976లో, థామస్ కేసులో, సుప్రీంకోర్టు మెజారిటీ ఈ దారికే వచ్చింది. కేరళలో ఎస్సీ, ఎస్టీ గుమాస్తాలకు డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసవడానికి అదనపు గడువు ఇచ్చారు. చెల్లుతుందా లేదా అన్నది వివాదం. చెల్లుతుందన్నారు. నాలుగో క్లాజు మొదటి క్లాజుకు మినహాయింపు కాదు, అందులో ఒక భాగమే అన్న దృష్టి అక్కడ గెలిచింది. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది.

అయితే అంబేడ్కర్ అంత సులువుగా వదల్లేదు. 1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో ఆయన లెక్క వేసి చూపించారు: వంద ఉద్యోగాల్లో డెబ్బై రిజర్వు చేసి ముప్పై మాత్రమే అందరికీ వదిలితే, అవకాశాల సమానత్వమన్న మొదటి సూత్రం నిలబడుతుందా? నిలబడదన్నారు. అందుకే రిజర్వేషన్లు తక్కువ భాగానికే పరిమితం కావాలన్నారు. అంటే ఆయన దృష్టిలో ఇవి రెండు డిమాండ్లు, రెంటికీ మధ్య లాగులాట ఉంది, దాన్ని సర్దాలి. ఒకటే సూత్రమన్నది తర్వాతి కోర్టు మాట. నేను కోర్టు పక్షమే, కానీ అంబేడ్కర్ చూసిన లాగులాట కూడా అబద్ధం కాదు. మీ గది గుమ్మం దగ్గర నిలబడి ప్రశ్న వేసిన కుర్రాడు ఆ లాగులాటే.

ఇక షరతులు. రాల్స్ ఆ గ్రంథంలో రిజర్వేషన్ల గురించి రాయలేదు. ఆయన గీసింది, అందరూ న్యాయానికి కట్టుబడే సమాజపు నమూనా. అటువంటిచోట పుట్టుక చూసి సీటు ఇవ్వాల్సిన అవసరమే రాదు. కాబట్టి రిజర్వేషన్ ఆ నమూనాలో భాగమని క్లాసులో చెబితే తప్పవుతుంది. వంతెన కడుతున్నప్పుడు పక్కన వేసే డైవర్షన్ రోడ్డును గుర్తు తెచ్చుకోండి. వంతెన డ్రాయింగులో అది ఉండదు. అలాగని వంతెనకు విరుద్ధమూ కాదు. అది లేకపోతే కట్టడం అయ్యేలోపు అవతలి ఒడ్డువాళ్ళు అవతలే ఉండిపోతారు. చిక్కు ఎక్కడొస్తుందంటే, కాంట్రాక్టరు పిల్లర్లు ఆపేసి ‘డైవర్షన్ ఉందిగా’ అన్నప్పుడు. ప్రాథమిక పాఠశాలను గాలికొదిలేసి పీజీ సీట్లలో న్యాయం చేశాం చూడండని చెప్పుకునే ప్రభుత్వాన్ని మీ పాఠం నిలదీయాలి. అది రిజర్వేషన్ మీద విమర్శ కాదు, ఆగిపోయిన వంతెన మీద విమర్శ.

ఇంకొకటుంది. రాల్స్ వరుసలో ఈ సమానత్వానిది ముందు స్థానం. ‘సమాజానికి మొత్తం మీద లాభం’ అని చెప్పి దాన్ని పక్కకు నెట్టడానికి వీల్లేదు. కాబట్టి ఆ అమ్మాయి సీటును ‘క్లాసులో వైవిధ్యం ఉంటే అందరికీ మంచిది’ అని సమర్థించకండి. అమెరికాలో అలన్ బాకీ అనే విద్యార్థి వేసిన కేసులో 1978 నాటి తీర్పు నుంచి విశ్వవిద్యాలయాలు ప్రధానంగా ఆ కొమ్మనే పట్టుకుని వేలాడాయి. 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఆ కొమ్మను నరికేసింది. ఆమెకు సీటు ఇచ్చింది పక్కవాళ్ళ జ్ఞానం పెంచడానికి కాదు. ఆమె ప్రతిభకు రావాల్సిన వంతు ఆమెకు రావడానికి.

అదే నిజమైతే, ఆ వంతు నిజంగా దారి దొరకనివాళ్ళకు చేరుతోందా అని అడగక తప్పదు. మీ విద్యార్థి ఇక్కడ గట్టిగానే పట్టుకుంటాడు: ‘ఆ అమ్మాయి తండ్రి పెద్ద ఆఫీసరైతే?’ మంచి ప్రశ్న, దాన్ని తోసెయ్యకండి. ఇది మీ పాఠంలోంచే పుట్టే ప్రశ్న. ఇంద్రా సాహ్నీ తీర్పు బీసీల్లో క్రీమీలేయరును, అంటే బాగా స్థిరపడిన కుటుంబాలను, పక్కన పెట్టమన్నదీ, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు ఎస్సీల్లో ఉపవర్గీకరణ, అంటే ఎస్సీ కోటాను లోపలి కులాల మధ్య పంచడం, చెల్లుతుందన్నదీ ఈ ప్రశ్న నుంచే. వర్గీకరణ కోసం మన దగ్గర ఎన్నేళ్ళు ఉద్యమం నడిచిందో తెలుగువాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆదాయం ఒక్కటే కొలబద్ద అనుకుంటే మళ్ళీ తప్పే. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, ఇంటర్వ్యూ బోర్డు ముందు ఇంటిపేరు చెప్పినప్పుడు జీతం స్లిప్పు కాపాడదు. తండ్రి ఆఫీసరైనా కూతురి గెలుపు అవకాశాల మీద పుట్టుక పడేసే బరువు పూర్తిగా పోదు, తగ్గుతుంది. ఎంత తగ్గింది, ఎక్కడ గీత గీయాలి అన్నదాంట్లో నిజాయితీపరులు కూడా విభేదిస్తారు. మీరూ ఆ కుర్రాడూ విభేదించుకోవచ్చు.

‘మెరిట్ పోతుంది’ అన్నదానికి ఎక్కువ సేపు అక్కర్లేదు. లోపలికి వచ్చే గీత వేరు గానీ, మీ పీజీలో పాస్ మార్కు అందరికీ ఒకటే. ‘పదేళ్ళకే అన్నారు కదా’ అని కూడా ఎవరో ఒకరు అంటారు. ఆ పదేళ్ళ గడువు చట్టసభల సీట్లకు, 334వ అధికరణంలోది. పొడిగిస్తూ పొడిగిస్తూ ఇప్పుడు 2030 దాకా తెచ్చారు. చదువుకూ ఉద్యోగాలకూ సంబంధించిన 15(4), 16(4) క్లాజుల్లో గడువన్నదే లేదు. రాజనీతి శాస్త్రం పట్టాలున్నవాళ్ళు కూడా ఇది కలిపేసుకుంటారు, విచిత్రం.

ఇక ఆ కుర్రాడు. అతనికి ఏం చెప్పాలి?

‘ఆ సీట్లు లేకపోయినా నీకు వచ్చేది కాదులే’ అని మాత్రం బుకాయించకండి. మన దగ్గర సగం సీట్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే, రిజర్వు అవుతాయి. రెండు మార్కుల దూరంలో ఉన్నవాడికి అవన్నీ ఓపెన్ అయి ఉంటే బహుశా వచ్చేదే. ఒప్పుకోండి. తను పగలగొట్టని గోడకు మరమ్మతు ఖర్చులో ఒక వాటా అతని మీద పడింది. అది నష్టమే. ఆ మాట పెద్దవాళ్ళెవరూ సూటిగా ఒప్పుకోకపోవడం వల్లే ఇలాంటి కుర్రాళ్ళు కొందరు పదేళ్ళ తర్వాత కూడా అదే చేదు నమలుతుంటారు.

ఒప్పుకున్నాక, ఇంకో మాట. సీటు ముందే అతనిదై ఉండి, ఆ అమ్మాయి లాక్కుపోలేదు. ఒక సీటు మీద హక్కు అనేది నిబంధనల నుంచే పుడుతుంది, వాటికి ముందు ఎవరి జేబులోనూ ఉండదు. ఇదీ రాల్స్ చెప్పిందే. కాబట్టి ‘రూల్స్ అలా ఉన్నాయి’ అన్న మీ జవాబు సగం సరైనది. రెండో సగం, ఆ రూల్స్ ఎందుకు న్యాయమో చెప్పడం. మీరు ఎగ్గొట్టింది అదే.

ఒక చిన్న సంగతి కూడా అడిగి చూడండి. అతని కంటే రెండు మార్కులు ఎక్కువ వచ్చి ఓపెన్‌లో చివరి సీటు కొట్టినవాడు ఎవరో అతనికి గుర్తుందా? ఉండదు. పదకొండు మార్కులు వెనకున్న అమ్మాయి మాత్రం గుర్తుంది. ఓపెన్ జాబితాలో బీసీ, ఎస్సీ పిల్లలు కూడా మార్కుల మీదే వచ్చి ఉంటారని, వాళ్ళు రిజర్వేషన్ కోటాలోకి లెక్క రారని కూడా అతనికి తెలియకపోవచ్చు. దెప్పినట్టు కాకుండా అడగాలి సుమా, మీ గొంతు మీకు తెలుసు. ఆ తర్వాత అతని ఇంటి సంగతి అడగండి. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు అతనేనేమో. అయితే అదే పాఠం అతని తరఫున కూడా మాట్లాడుతుంది. కాకపోతే అతను నిలదీయాల్సింది ఆ అమ్మాయిని కాదు, ఆగిపోయిన వంతెనను.

ఆ అమ్మాయి మీ క్లాసులోనే కూర్చోబోతోంది కదా. పదకొండు మార్కుల్లో దారి వాటా ఎంతో తేలేది అక్కడే. మొదటి సెమిస్టరు పేపర్లు దిద్దేటప్పుడు పొడుగాటి వాక్యాల మధ్యలో వెతకండి. సైడ్ హెడ్డింగులు పెట్టడం ఒక గంటలో నేర్పొచ్చు. నాకు ఆలస్యంగా తెలిసింది.

కుర్రాడికి ఫోన్ చేసేముందు రెండో విడత కౌన్సెలింగ్‌కు ఓపెన్‌లో ఎన్ని ఖాళీలు మిగిలాయో కమిటీలో కనుక్కోండి. దూరం రెండు మార్కులే. మొదటి జాబితాలో వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు వేరే యూనివర్సిటీలో చేరిపోతే అతని పేరు వస్తుంది. గడువులోగా వెబ్ ఆప్షన్లు మళ్ళీ పెట్టుకోవాలని అతనికి ఎవరైనా చెప్పారో లేదో.